కాడజెముడు పాలు

మొన్న ఆదివారం పొద్దున మా పై వాటాలో ఉండే అమ్మాయి కొత్తగా తెప్పించుకున్న మొక్కను నాకు చూపించాలని కిందికి పట్టుకొచ్చింది. తెల్లటి పింగాణీ కుండీలో జానెడు మొక్క, ఆకులన్నవి లేవు, అన్నీ ఆకుపచ్చటి సన్నని కాడలే. పెన్సిల్ ప్లాంట్ అంటారట, కిటికీలో పెట్టి వదిలేస్తే చాలట, నీళ్ళతో కూడా పెద్దగా పనిలేదట అని సంబరంగా చెబుతూ, ఎండిన కొసనొకదాన్ని గోటితో తుంచబోయింది. నేను గభాలున ఆ పిల్ల చెయ్యి పట్టేసుకున్నాను. "తుంచకమ్మా, ముందు చెయ్యి తియ్యి!" అన్న నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పాపం, హడలిపోయింది. దాని పాలు కంట్లో పడకూడదనీ, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలనీ, పిల్లలకు అందని చోట పెట్టుకోవాలనీ నెమ్మదిగా చెప్పి పంపించానే గానీ, మధ్యాహ్నం దాకా నా మనసు ఆ కుండీ మీదే ఉంది. ఆ అమ్మాయికి అది పెన్సిల్ ప్లాంట్. నాకది కాడజెముడు.

నా ఈడువాళ్ళలో దివిసీమ ఎరిగినవాళ్ళకు కాడజెముడు గురించి చెప్పక్కర్లేదు. నాగాయలంక దిగువన మా ఊళ్ళో దొడ్లకు అదే కంచె. ఉప్పుగాలికి ఏ మొక్క మాడిపోయినా అది మాత్రం పచ్చగా నిలబడేది, పశువులు మూతి పెట్టేవి కావు. మా నాన్నకు ఆ కంచె అంటే ఎందుకో తగని ఇష్టం. నాకు పెళ్ళయి పెడన వెళ్ళాక, అత్తవారి పెరట్లో నేను నాటిన బంతీ, చామంతీ, మల్లె తీగా అక్కడి బావి ఉప్పునీళ్ళకు వరసగా చచ్చిపోతుంటే, ఆ సంగతి పుట్టింటికి వెళ్ళినప్పుడు దిగులుగా చెప్పుకున్నాను కాబోలు, తర్వాతి నెలలో నాన్న గోనెపట్టాలో చుట్టిన కాడజెముడు కొమ్మతో బస్సు దిగాడు.

మా ఆయన బట్టల మీద అద్దకం పనికి అచ్చులు చెక్కేవారు. టేకు చెక్క మీద తీగలూ, ఆకులూ, చిలకలూ వెంట్రుకంత సన్నటి గీతలతో తేల్చడం ఆయన పని. ఆ ఇంట్లో బతుకంతా ఆయన వేళ్ళ మీదా, కళ్ళ మీదా నడిచేది. అటువంటి ఇంటికి, కోస్తే పాలు చిమ్మే జెముడును నాన్న తెచ్చాడని మా అత్తగారు మొహం ముడుచుకున్నారు. వియ్యంకుడి ఎదుట ఏమీ అనలేదు గానీ, నాన్న వెళ్ళాక, జెముడును ఎవరైనా గుమ్మంలో పెట్టుకుంటారా అని నన్ను నిలదీశారు. పుట్టింటి నుంచి వచ్చిన మొక్క కదా, బయట పడెయ్యడానికి మనసొప్పలేదు.

దాని పెంపకమంతా నాన్న చెప్పినట్టే చేశాను. కోసిన కొమ్మను వెంటనే నాటకూడదు, పాలు గడ్డకట్టి కోత మొహం ఆరిపోయేదాకా నీడన పడుకోబెట్టాలి. రంగులు కాచే పాత బాన ఒకటి అడుగున పగిలి మూలన పడి ఉంటే, అందులో పెంకుముక్కలు పరిచి, ఇసుకలో కాస్త మట్టి కలిపి నాటాను. వేలు పెడితే లోపల పొడిగా తగిలినప్పుడే నీళ్ళు. ఎండాకాలమంతా పెరట్లో, ముసురు పట్టిందంటే ఇంట్లోకి. ఇంట్లో సరిపడా వెలుతురు వచ్చేది మా ఆయన పనిగది కిటికీ దగ్గర ఒక్కచోటే కాబట్టి వానాకాలం దాని మకాం అక్కడే. వెలుగు కోసం కిటికీ వైపే ఒరిగిపోయేది, అందుకని అప్పుడప్పుడూ బానను కాస్త తిప్పుతుండేదాన్ని. వానలు వెళ్ళాక ఒక్కసారిగా ఎండలో పెడితే కాడలు మాడతాయి, ముందు చూరు కింద కొన్నాళ్ళు ఉంచి అలవాటు చెయ్యాలి. పసిపిల్లను చలికీ ఎండకీ కాచుకున్నట్టు కాచుకున్నాను. నా భుజం దాకా పెరిగింది. ఎండాకాలంలో కొసలు ఎర్రబారితే అత్తగారు కూడా ఒకసారి ఆగి చూడటం నేను గమనించకపోలేదు.

ఒక ఏడు కార్తీకంలో వాయుగుండం పట్టింది. బందరు రేవులో ప్రమాద సూచిక ఎగరేశారని రేడియోలో చెప్పారు. పొద్దస్తమానం వానే, మగ్గాల చప్పుడు ఆగిపోయి వీధంతా బిక్కుబిక్కుమంటోంది. పైకప్పు పెంకు ఒకటి జారి, కారే నీళ్ళు తిన్నగా బానలోకి పోతున్న సంగతి మేమెవరం చూసుకోలేదు. చూసేసరికి మొక్క మొదలు నల్లబడి, వేలితో నొక్కితే మెత్తగా దిగబడుతోంది. పైభాగం మాత్రం పచ్చగానే ఉంది. కుళ్ళు పైకి పాకకముందే కోసేసి పైకొమ్మలు బతికించుకోవాలి. నేను గోనెపట్టాతో మొక్కను నిలబెట్టి పట్టుకున్నాను, మా ఆయన కత్తితో కోశారు. పాలు బొటబొటా కారాయి. ఇద్దరం జాగ్రత్తగానే ఉన్నాం, కొమ్మల్ని వసారాలో ఆరబెట్టి చేతులు కడుక్కున్నాం కూడా. కానీ పని మధ్యలో ఆయన చేతులు తుడుచుకున్న తువ్వాలు భుజం మీదే ఉండిపోయింది. మూసిన గదిలో ఉక్కపోతకు పట్టిన చెమటను ఆయన ఆ తువ్వాలుతోనే మొహమంతా తుడుచుకున్నారు.

మొదట కాస్త మంటగా ఉందన్నారు. అన్నం తినేవేళకు రెండు కళ్ళూ తెరవలేకపోయారు. అత్తగారు కొడుకును అరుగు మీద కూర్చోబెట్టి, తల వెనక్కి వంచి, చెంబు తర్వాత చెంబుగా మంచినీళ్ళు కళ్ళల్లో పోస్తూనే ఉన్నారు. అంతటి మనిషి పళ్ళు బిగబట్టి మూలుగుతుంటే నేను ఖాళీ అయిన చెంబు నింపి అందిస్తూ పోయాను. బందరు రోడ్డు మీద చెట్లు పడ్డాయని ఎవరో చెప్పడంతో గుడివాడ కంటి ఆసుపత్రికే తీసుకుపోదామని పాసింజరు బండి ఎక్కాం.

బండి నిండా తడిసిన జనం. చేపల గంపతో కూర్చున్న ఒకామె మమ్మల్ని చూసి గంప కాళ్ళ కిందికి లాక్కుని, పక్కవాళ్ళను కసిరింది. "కాస్త జరగండయ్యా, కళ్ళు కనపడని మనిషి నిలబడుంటే!"

మంచికే అన్నది. కానీ ఆ మాట అంతవరకూ మా ఇంట్లో ఎవరమూ నోటితో అనలేదు. నేను లోపల అనుకోవడానికి కూడా భయపడ్డ మాట అది. మా ఆయన కూడా విన్నారు. చెయ్యి చాచి, తడుముకుని, నా మణికట్టు పట్టుకున్నారు. గుడ్లవల్లేరులో బండి ఆగిపోయింది, ముందు పట్టాల మీద నీళ్ళున్నాయట. ఎంతసేపు ఆగిందో ఇప్పుడు చెప్పలేను. కిటికీలోంచి చూస్తే చేలు చెరువుల్లా ఉన్నాయి. ఆలస్యమైన ప్రతి క్షణం ఆయన కళ్ళల్లోంచి వెలుతురు కొంచెం కొంచెంగా పోతున్నట్టే అనిపించి, ఆ చేపలామె ఇచ్చిన మరచెంబును మూత తియ్యకుండానే ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ దీపం పెట్టి చాలాసేపు చూసింది. నీళ్ళతో కడగడం మంచిదైందన్నది. "నల్లగుడ్డు మీద పొర రేగిపోయిందమ్మా. కుడికన్ను ఫరవాలేదు, ఎడమదే కాస్త లోతుగా ఉంది. వారం పోతేగానీ నేనేం చెప్పలేను" అని మందు వేసి రెండు కళ్ళకూ కట్లు కట్టింది.

ఆ వారం ఎలా గడిచిందో నాకే తెలియాలి. ఆయన పనిగదిలో పీట మీద కూర్చుని, సగం చెక్కిన అచ్చును ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలితో ఆ గీతల వెంట అలా తడుముతూ ఉండేవారు. చెక్కినంతమేర వేలు సాగేది, చెక్కని చోటికి రాగానే ఆగిపోయేది. నేను గుమ్మం దగ్గర నిలబడి చూసి, వంటింట్లోకి వెళ్ళి ఏడ్చేదాన్ని. సాయంత్రమయ్యేసరికి వీధిలోవాళ్ళంతా వచ్చేవారు, మగ్గాలవాళ్ళూ, అద్దకంవాళ్ళూ, ఎదురింటి పిన్నిగారూ. ఆయన దగ్గర కాసేపు కూర్చునేవారు, అంతే.

అవనిగడ్డ బస్సు కండక్టరుతో కబురంపితే నాన్న వచ్చాడు. వచ్చినవాడు లోపలికి రాలేదు. అరుగు చివర కూర్చుని, తల ఎత్తలేదు, మంచినీళ్ళు ముట్టలేదు. తను తెచ్చిన కొమ్మే కదా. నేను పిలిచినా కదల్లేదు. ఇక అత్తగారు ఏమంటారోనని నాకు ప్రాణాలు పైకిపోతున్నాయి. మొదట్లోనే వద్దన్న మనిషి, ఇప్పుడు ఎన్ని మాటలన్నా పడాల్సిందే. ఆవిడ బయటకు వచ్చి నాన్న ఎదుట నిలబడ్డారు.

"అన్నయ్యగారూ, మీరు ప్రేమతో తెచ్చారు, వాడు ప్రేమతో కోశాడు. ఇందులో ఎవరిననాలి? లేవండి, కాళ్ళు కడుక్కోండి. మీరు తినకపోతే లోపల వాడూ తినడు."

నాన్న కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నాన్న అలా ఏడవడం నేను అదే మొదలు చూడటం.

ఆ రోజే నాకు ఎక్కడలేని కసి పుట్టి, వసారాలో ఆరబెట్టిన కొమ్మల్ని కాలువలో పారేద్దామని గోనెపట్టాలో చుడుతున్నాను. చప్పుడు విని లోపలి నుంచి మా ఆయన అడిగారు. "ఏం చేస్తున్నావ్ అక్కడ? కోత మొహం ఆరిందా?"

"ఆరితే ఏం, ఆరకపోతే ఏం?" అన్నాను.

"పారెయ్యకు. నేను కోసింది బతికిందో లేదో చూసుకోవాలని ఉంది."

చూసుకోవాలని అన్నారు. నేను గోనె విప్పి కొమ్మల్ని మళ్ళీ ఎక్కడివక్కడ సర్దాను.

గుడివాడలో కట్లు విప్పిన రోజు నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. ఆయన మొహం చూసే ధైర్యం లేకపోయింది. డాక్టరమ్మ వేళ్ళు చూపించి ఎన్ని అని అడుగుతోంది, ఆయన చెబుతున్నారు. తర్వాత నెమ్మదిగా, "అటు తిరిగి నిలబడ్డావేం? చీర కొంగు తడిసింది చూసుకో" అన్న మాట వినిపించింది. నేను ఇటు తిరిగి, కొంగు పిండుకుంటూ బల్ల మీద కూర్చుండిపోయాను.

కుడికన్ను బాగైంది. ఎడమకంటి మీద పల్చటి మసక మాత్రం ఉండిపోయింది. కొన్నాళ్ళు సన్నపని చెయ్యలేక, రంగు నింపే పెద్ద అచ్చులే చెక్కారు. ఆ తర్వాత తల కాస్త కుడికి వంచి, చెక్కను కిటికీకి ఏటవాలుగా పెట్టుకుని, మళ్ళీ ఆ తీగలూ చిలకలూ చెక్కడం అలవాటు చేసుకున్నారు. ఇప్పటికీ పేపరు అలాగే చదువుతారు. ఆ కొమ్మల్ని మా అత్తగారే చేతులకు పాతగుడ్డ చుట్టుకుని పెరటిగోడ అవతల, నీళ్ళు నిలవని మెరకన నాటారు. బతికాయి, గోడను మించి పెరిగాయి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అవీ, గోడా పోయాయి. అప్పటికి అత్తగారూ లేరు, నాన్నా లేడు. అచ్చుల పని తగ్గిపోయి మేమూ పెడన వదిలి బందరు వచ్చేశాం.

నిరుడు మా ఆయనకు శుక్లాల ఆపరేషను అయింది. అదే గుడివాడలో. పొద్దున కారులో వెళ్ళాం, భోజనాల వేళకు ఇంటికొచ్చేశాం. నొప్పి లేదు, కట్టు లేదు, నల్లకళ్ళద్దాలు ఒక్కటే ఇచ్చారు. ఇంత సుఖంగా జరిగిపోయినందుకు దేవుడికి దండం పెట్టుకోవాల్సింది పోయి నాకెందుకో గుబులుగానే ఉంది. ఫోన్లో మెసేజీలు వచ్చాయి, అందరూ క్షేమమేనా అని అడిగారు, నేనూ జవాబులు పంపాను. ఆయన పడుకున్నారు. ఎవరైనా వచ్చి కాసేపు కూర్చుని వెళ్తారేమోనని, చీకటి పడేదాకా వాకిలి తలుపు తీసే ఉంచాను.