దావీదు సారు ఇచ్చిన చలి

ఆళ్లగడ్డ బస్టాండులో సోడాకని ఆగాను. ఐసు పెట్టె మూత తియ్యగానే తడిసిన రంపపు పొట్టు వాసన గుప్పుమంది. ఆ వాసనకి ఎవరికైనా ఐసు గుర్తుకొస్తుంది. నాకు గనులు గుర్తుకొస్తాయి. తప్పు నాది కాదు, దావీదు సారుది.

డెబ్బైల చివర్లో నంద్యాలలో మాకు గనుల పాఠాలు చెప్పేవాడాయన. గని పని నేర్పడానికి మన పిల్లల్ని పరాయి దేశాలకి పంపి, వాళ్ల పిల్లల్ని మనం పిలిపించుకునేలా అప్పుడే ఒక చట్టం వచ్చింది. సారు దాన్ని చర్చిలో వాక్యం చదివినంత భక్తిగా క్లాసులో చదివాడు. మేమూ అలవాటుగా చివర్లో "ఆమెన్" అన్నాం. కాలేజీకి ఒక్కటే సీటు. అది నాకొచ్చింది, పోలండులో ఒక గనికి. మెలిక ఏమిటంటే, పోయినవాడు మధ్యలో తిరిగొస్తే కాలేజీకి మళ్లీ సీటు ఇవ్వరు.

విగ్రహాలు చెక్కే మా నాయన ఉలి దించకుండానే, "రాయి పగలగొట్టేదానికి అంత దూరమెందుకురా? ఈడ రాళ్లు లేవా?" అన్నాడు.

సారు భయమంతా చలి గురించే. "పోలండులో మంచు కురుస్తాదంట. జొరమొచ్చి నువ్వు తిరిగొస్తే నీ యెనక పిల్లోళ్ల గతేంది?"

అందుకని ఆ ఎండాకాలమంతా, ఆదివారం ప్రార్థన కాగానే ఆళ్లగడ్డ ఐసు ఫ్యాక్టరీలో నాకు శిక్షణ. ఐసు దిమ్మె మీద గోనెపట్టా పరిచి నన్ను కూర్చోబెట్టి, పక్క దిమ్మె మీద చర్చి కోటుతోనే తనూ కూర్చునేవాడు.

"పొయ్యేది నేను కద సార్, మీరెందుకు వణుకుతాండారు?"

"నోరు మూసుకొని వణుకప్పా."

పోలండులో మొదటిరోజే, సారు భార్య అల్లిన రెండు స్వెటర్లూ యూనిఫాం లోపల వేసుకుని గనిలోకి దిగాను. దిగేకొద్దీ వేడి. అక్కడివాళ్లు చొక్కాలు విప్పేసి పనిచేస్తున్నారు. మధ్యాహ్నానికి నేను సొమ్మసిల్లాను. ఎండదేశంవాడు వేడికి పడిపోయాడంటే ఏదో పెద్ద జబ్బే అనుకుని, వెనక్కి పంపేద్దామన్నారు. డాక్టరు నా చొక్కా విప్పితే ఒక స్వెటరు, అది విప్పితే ఇంకొకటి. ఆయన మూడోదాని కోసం కూడా వెతికాడు. నవ్వీ నవ్వీ నన్ను మళ్లీ కిందికే పంపాడు. సీటు నిలబడింది.

తిరిగొచ్చాక ఇదంతా సారుకి చెప్పాను.

"లోపల అంత వేడా?"

"లోతుకి పోయేకొద్దీ వేడెక్కుతుందని పాఠంలో మీరే చెప్పినారు కద సార్!"

"చెప్పినా. నిజమని నాకెట్ల తెలుస్తాది? మన కొలిమిగుండ్ల నాపరాయి గనులకి పైకప్పే లేదు. నేను దిగింది యాడప్పా?"

ఆ పాఠాన్ని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. నేనూ నమ్మలేదు మరి.

మరుసటేడు ఇంకొకడికి సీటొచ్చింది. సారు వాణ్ణి మండుటెండలో సున్నపు బట్టీ పక్కన కూర్చోబెట్టాడు. తనూ పక్కనే, అదే కోటుతో.

ఇప్పుడు కొత్తవాళ్లని గనిలోకి దించే పని నాది. ముందు నేను దిగి, కాసేపు కూర్చుని వస్తాను. వాళ్లు దాన్ని ధైర్యమనుకుంటారు. నేనూ కాదనను.

"ఐసు ఎయ్యాల్నా?" సోడా ఆయన అడిగాడు.

"రెండు ముక్కలెయ్యప్పా," అన్నాను. ఒకటి నాది, ఒకటి సారుది.