నల్లచారల పాలసీసా

మా తమ్ముడి భార్యకు నేను పెట్టిన పేరు శుభ్రమ్మ. మొహం మీదే అంటాను, ఆమె కూడా నవ్వుతుంది. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ సామాన్లను శుద్ధి చేసే గదిలో ఆమె ఉద్యోగం. నెత్తుటితో వచ్చిన కత్తెర్లు కడిగి, గుడ్డలో మూటకట్టి, పైన ఓ కాగితం పట్టీ అంటించి, ఆవిరి యంత్రంలోకి తోస్తుంది. వేడి చాలినంత తగిలితే పట్టీ మీది చారలు నల్లబడతాయి. నల్లబడలేదా, ఆ మూట గది దాటదు. పెద్ద డాక్టరు గుమ్మంలో నిలబడి గొంతు చించుకున్నా, "చారలు రానీయండి సార్" అంటుంది, అంతే.

అలాంటి మనిషికి నెలలు నిండకముందే కొడుకు పుట్టాడు. పుట్టగానే జ్వరం, ఆ జ్వరానికి రోజుల తరబడి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు. బతికి బట్టకట్టాడనుకున్నాం. సెలవు అయిపోయి ఆమె డ్యూటీలో చేరింది. తమ్ముడు లారీ మీద ఊళ్లు తిరుగుతుంటాడు కాబట్టి పిల్లాణ్ణి చూసుకోవడానికి నేను వచ్చాను. ఆమె చేరిన వారంలోపే వాడికి నీళ్ల విరేచనాలు మొదలయ్యాయి.

"నేనే తెచ్చాను వదినా," అంది. "ఆ గదిలోంచి నా ఒంటి మీద తెచ్చాను."

"నీ మొహం. పిల్లలన్నాక విరేచనాలు రావా?"

నా మాట చెవికెక్కించుకోలేదు. ఆ రోజే రొమ్మివ్వడం మానేసి, పాలు పిండి సీసాలో పోయడం మొదలుపెట్టింది. బిడ్డను ఎత్తుకోవాలంటే మోచేతుల దాకా స్పిరిట్ రాసుకునేది, మూతికి మాస్కు కట్టుకునేది. సీసాలు నింపే చోటికి నన్ను రానిచ్చేది కాదు, నింపి చేతికిచ్చినవే నేను పట్టాలి.

"ఇదేంటే, పాలు టీ కలిపినట్టున్నాయి?" అని అడిగితే, "వేడి చేశాలే వదినా" అంది.

గోరువెచ్చగా చేసిందనుకున్నాను. పిల్లాడు తాగేవాడు, కాసేపటికి అంతా గుడ్డలో ఉండేది. ఒళ్లు చిక్కిపోయి ముసలాడి మొహం వచ్చింది వాడికి. వాడు నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని.

ఓ ఆదివారం పొద్దున వాడి కళ్లు లోపలికి పోయి ఉన్నాయి, మాడు గుంట పడింది. ఏడవడానికి నోరు తెరిచాడు గానీ గొంతు రాలేదు, కన్నీరూ రాలేదు. "బండి పిలువు" అని ఆమెను కేకేసి, దారిలో పట్టడానికి పాల కోసం వంటగదిలోకి దూరాను. కుక్కరు మూత తీశాను. లోపల పాలు నిండిన సీసా. దాని నడుముకు ఆ కాగితం పట్టీ. చారలు నల్లగా ఉన్నాయి.

ఆ సీసాను సంచిలో వేసుకునే బయల్దేరాను.

ఆమె పనిచేసే ఆసుపత్రిలోనే చేర్చాం. సూదికి నరం దొరకలేదు. రెండు చేతులూ గుచ్చి, చివరికి తల మీద పెట్టారు. వాడు కదల్లేదు. అది చూడలేక నేను గోడ వైపు తిరిగాను. సెలైన్ ఎక్కడం మొదలయ్యాక పిల్లల డాక్టరమ్మ ఆ సీసాను వెలుతురుకు ఎత్తి చూసింది.

"ఎంతసేపు ఉడికించావమ్మా?"

"చారలు నల్లబడేదాకా."

కోప్పడుతుందనుకున్నాను. కుర్చీ లాక్కుని మాకు ఎదురుగా కూర్చుంది. "నువ్వు కడిగేది కత్తెర. కత్తెరకు పేగులుండవు. వీడి పేగుల్లో కోట్ల సూక్ష్మజీవులు కాపురం పెట్టాలి. తాగింది అరగాలన్నా, రోగం ఆగాలన్నా అవి కావాలి. పుట్టగానే ఇచ్చిన మందులు చెడ్డవాటితో పాటు మంచివాటినీ ఊడ్చేశాయి. మళ్లీ రావాలంటే నీ ఒంటి నుంచి, నీ పాల నుంచే రావాలి. నువ్వేమో ఉన్న సత్తువంతా ఉడకబెట్టేశావు. విరేచనాలు నీవల్ల వచ్చాయని ఎవరూ చెప్పలేరు. తగ్గకపోవడానికి మాత్రం ఇదీ ఓ కారణం. చేతులు సబ్బుతో కడుక్కో, చాలు. రొమ్ముకు పట్టించు."

మా శుభ్రమ్మ దేన్నీ తాకకుండా, డ్యూటీలో ఉన్నట్టే చేతులు పైకెత్తుకుని నిలబడిపోయింది.

"నావల్ల కాదు వదినా. నా ఒంట్లోంచి ఏదైనా పోయి వీడు... నేనే చేతులారా..."

'ఇన్నాళ్లూ చేసిందేమిటే?' అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. నాకు మాత్రం భయం లేదా? డాక్టరమ్మ మాటే తప్పయితే? అయినా ఆమెను కూర్చోబెట్టి, మాస్కు తీసేసి, వాడి చెంపను రొమ్ముకు ఆనించాను. మొహం తిప్పేసుకున్నాడు. మరిచిపోయాడు. మళ్లీ ఆనించాను. పెదాలు కదిలాయి, ఆగాయి. చివరికి పట్టాడు. బలంలేని పట్టు. మింగిన చప్పుడు ఒక్కటి వినిపించింది.

"మంచే జరుగుతోందని ఎలా తెలుస్తుంది వదినా?" అంది గుసగుసగా. "చారలేవీ ఉండవుగా."

"గుడ్డ చూసుకోవాలి," అన్నాను.

నీళ్లు. మళ్లీ నీళ్లు. గుడ్డ విప్పిన ప్రతిసారీ అదే. ఆమె మొహం వైపు చూసే ధైర్యం ఉండేది కాదు. పక్క మంచం మీది బిడ్డను ఇంటికి పంపేశారు. మావాడి తల మీద సూది అలాగే ఉంది.

ఓ సాయంత్రం నేను టీ తీసుకుని వచ్చేసరికి ఆమె వార్డు మధ్యలో నిలబడి ఉంది. తొడుగుల్లేని రెండు చేతుల్లో పిల్లాడి గుడ్డ. దాని మీద కాస్త చిక్కగా, పసుపుపచ్చగా ఉంది. నాకు చూపించింది. ఏడుస్తూ, ఆ చేత్తోనే కళ్లు తుడుచుకోబోయింది. నేను టీ అక్కడే పెట్టేసి ఆమె మణికట్టు పట్టుకున్నాను.

"ముందు చేతులు కడుక్కుని రావే, శుభ్రమ్మా!"