కుడిచేతి వైపు తెరుచుకున్న నవల

మొఘల్‌పురాలో జిల్దుల బుచ్చయ్య ఇల్లెక్కడని అడిగితే ఎవరూ సందు పేరు చెప్పేవారు కాదు. ఉడికిన మైదా వాసన ఎటు నుంచి వస్తే అటు పొమ్మనేవారు. మైదాలో చిటికెడు మైలుతుత్తం వేసి ఆయన కాచే జిగురుకు పురుగు పట్టదని పేరు. పుస్తకాలు కుట్టి, అట్టలు వేసి జిల్దు కట్టడం ఆయన పని. ఉర్దూ కిస్సాలు, ఫారసీ గ్రంథాలు, కచేరీ రిజిస్టర్లు ఎన్నో ఆ చేతుల మీదుగా వెళ్లాయి. తెలుగు పుస్తకం మాత్రం ఒక్కటీ రాలేదు.

ఇంట్లో మాట్లాడేది తెలుగు. భార్య ఆండాలు మీద కోపం వచ్చినా, ప్రేమ వచ్చినా తెలుగే. ఉర్దూ అక్షరాలు కూడబలుక్కుని చదవగలడు కానీ తెలుగు అక్షరం ముక్క రాదు. నేర్పిన బడి ఏదీ లేదు, నేర్చుకునే తీరికా దొరకలేదు. మన మాటలున్న పుస్తకం ఒక్కటైనా నా చేత్తో కట్టి, ఇంట్లో పెట్టుకుని పోతే చాలు అనుకునేవాడు. కచేరీలో, బడిలో ఉర్దూయే నడిచిన ఆ రోజుల్లో పాతబస్తీ జిల్దుసాజుకు అది చిన్న కోరికేమీ కాదు.

ఫసలీ పదమూడు వందల నలభై ఏడు, అంటే ఇంగ్లీషు లెక్కలో పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిది నాటి మాట. ఆనందరావు అనే పెద్దమనిషి ఆయన్ను వెతుక్కుంటూ వచ్చాడు. పోలీసు అమీనుగా చేసి పెన్షను పుచ్చుకున్నవాడు. కోనాపురం అనే చిన్న ఊళ్లో చాలాకాలం ఠాణా నడిపాడట. ఆ ఊరి మీద ఓ నేరపరిశోధన నవల రాసి, "కోనాపురం ఠాణా" అని పేరు పెట్టి అచ్చు వేయించాడు. కుట్టాల్సిన ఆ అచ్చు కాగితాలు, ఫారాలన్నీ బండి మీద వచ్చి బుచ్చయ్య వసారాలో దిగాయి.

"బుచ్చయ్యా, ఉగాది దాటినంక ఆవిష్కరణ పెట్టుకున్నం. ఉస్మాన్‌గంజ్‌ల, మేడ మీద. సీతారాం వకీల్ సాబ్ పుస్తకం ఇప్పుతడు. జర మంచిగ కట్టాలె" అన్నాడు ఆనందరావు.

"ఫికర్ చెయ్యకుండ్రి అమీన్ సాబ్. గిది బయటి పని కాదు, నా ఇంటి పని" అన్నాడు బుచ్చయ్య.

అప్పటినుంచి మధ్యాహ్నాలన్నీ మారిపోయాయి. ఆనందరావు భోంచేసి, పాన్ నములుతూ వచ్చి వసారాలో కూర్చునేవాడు. కథ కొంచెం కొంచెంగా చెప్పేవాడు. కోనాపురంలో బట్టల సేఠును ఎవరో చంపారు. ఠాణాలో ఉన్నది ఒక అమీను, ఒక ముసలి గుర్రం, నిద్రమొహం జవానులు ఇద్దరు. వాన ఆగకుండా కురుస్తోంది. ఊళ్లో అందరికీ సేఠు మీద ఏదో ఒక కోపం ఉంది. చంపిందెవరు? అక్కడికి వచ్చేసరికి ఆనందరావు ఉత్తరీయం దులుపుకుని లేచేవాడు.

"జర చెప్పి పోరాదుండ్రి, పుణ్యముంటది" అనేది ఆండాలు తలుపు చాటు నుంచి.

"చెప్తే పుస్తకమెవలు చదువుతరు చెల్లె?" అని నవ్వి వెళ్లిపోయేవాడు ఆ మనిషి.

ఆయన వెళ్లినా కోనాపురం వసారాలోనే ఉండిపోయేది. బుచ్చయ్య ఫారం మడిచి, సూది దూర్చి, దారం లాగేవాడు. లాగుతుండగానే వసారా మసకబారేది. చినుకుల్లో తడుస్తున్న ఠాణా అరుగు కనబడేది. ముసలి గుర్రం తోక ఊపేది. సేఠు దుకాణం ముందు తడిసిన చీరల రంగులు కారి, సందులో ఎర్రగా, పచ్చగా పారేవి. ఆ నీళ్లలోనే బుచ్చయ్య నడిచేవాడు. ఎదురొచ్చిన వాళ్ల మొహాల్లోకి తేరిపార చూసేవాడు. నువ్వా? కాదు. నువ్వా? బయట మొఘల్‌పురాలో ఎండ మండిపోయేది, పావురాలు గూటిలో గుర్రుగుర్రుమనేవి. ఆయన ఒంటికి మాత్రం చలిగా ఉండేది. అంత హాయిగా ఆయన ఎన్నడూ పని చేసి ఎరగడు.

"నాకైతే ఆ తప్పాలు పంచెటోని మీదనే అనుమానం. ఉత్తరాలు పట్టుకొని ఇంటింటికి తిరుగుతడు గదా" అంది ఆండాలు ఒకనాడు.

"నీ మొహం. గురునాథం పాపం, గొడుగు కూడ లేనోడు" అన్నాడు బుచ్చయ్య, చుట్టాన్ని వెనకేసుకొచ్చినట్టు.

మనసు అట్లా కోనాపురంలో తిరుగుతుంటే, చేతులు వాటికి తెలిసిన పని అవి చేసుకుపోయాయి. చేతులకు తెలిసిందల్లా చిన్నప్పుడు ఉస్తాదు నేర్పిందే. పుస్తకం వీపు నీ కుడిచేతి వైపు ఉండాలి, పేరున్న అట్ట నీ కళ్లకు కనబడాలి. ఉర్దూ పుస్తకం అటు నుంచే మొదలవుతుంది మరి. కుట్టు బాగా పడింది, ఫారాలు వరస తప్పలేదు. అట్టల మీద పేరు కాగితం అతికించేటప్పుడు మాత్రం, ఐదు వందల పుస్తకాలకూ అలవాటు ప్రకారం అటువైపే అతికించాడు. కట్టినవి బరువు రాళ్ల కింద ఆరుతున్నాయి. ఆరేదాకా ఎవరినీ, అమీను గారినైనా సరే, ముట్టనిచ్చేవాడు కాదు.

ఆవిష్కరణ నాడు పుస్తకాలు టాంగా ఎక్కాయి. బుచ్చయ్య ఉతికిన షేర్వాణీ తొడుక్కుని వెంట వెళ్లాడు. మేడ కింద బెల్లం బస్తాలు, మిరపకాయల ఘాటు. పైన జంపఖానా మీద ఊరి పెద్దలు. ఆనందరావు బుచ్చయ్యను ముందు వరసలో కూర్చోబెట్టాడు. సీతారాం వకీలు కళ్లజోడు సవరించుకుని, పేరున్న అట్ట తెరిచాడు. ముందుమాట కాబోలు అనుకుని, కచేరీలో అర్జీ చదివినట్టు గడగడా చదివేశాడు.

"గురునాథం తప్పాలు సంచి కింద పెట్టి రెండు చేతులూ చాపాడు. సేఠును చంపింది నేనే అన్నాడు. కోనాపురంలో వాన వెలిసింది. సమాప్తం."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, మేడంతా నవ్వే. ఆనందరావు నవ్వలేదు. ఆయన మొహం పాలిపోయింది. ఏళ్ల తరబడి దాచుకున్న గుట్టు ఆవిష్కరణ నాడే వీధిలో పడింది.

బుచ్చయ్యకు ఏం జరిగిందో కళ్లు మూసుకున్నా తెలిసిపోయింది. తన కుడిచెయ్యి వైపు చూసుకున్నాడు. ఆ చేతిని అక్కడే నరికేసుకోవాలనిపించింది. జీవితంలో ఒక్క తెలుగు పుస్తకం, అదీ ఇట్లా! లేచి నిలబడ్డాడు.

"తప్పు నాది అమీన్ సాబ్. ఉర్దూ కితాబు లెక్క, పేరు ఆఖరి అట్ట మీద అతికిచ్చిన. అన్నీ మల్ల కట్టిస్త. నన్ను మాఫ్ చెయ్యుండ్రి."

ఆనందరావు నోరు విప్పేలోపే వకీలు వేలెత్తాడు. ఏ కాగితమైనా చివరి గీత దాకా చదవనిదే కింద పెట్టే మనిషి కాదాయన.

"ఆగుండ్రి. కింద ఇంకొక్క ముక్క ఉంది" అని చదివాడు. "ఈ పుస్తకానికి ప్రేమతో జిల్దు కట్టినవారు, మొఘల్‌పురా బుచ్చయ్య."

నవ్వులు ఆగిపోయాయి.

"చెప్పకుండ ఉందామనుకున్న. పుస్తకం నీ చేతికిచ్చినంక, వేలు పెట్టి చూపిద్దామనుకున్న" అన్నాడు ఆనందరావు మెల్లగా. ఆయన కోపం ఎటు పోయిందో పోయింది. "నా దొంగను ఆఖరి పేజీ దాక దాచిన. నువ్వు అందరికన్న ముందుగాల పట్టిచ్చినవ్. నా నౌకరీల ఏ జవానూ ఇంత జల్దీ పట్టియ్యలే!"

మళ్లీ నవ్వారు. ఈసారి ఆ నవ్వు కొట్టినట్టు లేదు. బుచ్చయ్య మాత్రం ఏడ్చాడు, పదిమంది ముందే. ఐదు వందల సార్లు తన పేరు మీద తానే అట్ట మూశాడు. ఒక్కసారీ గుర్తుపట్టలేదు.

పుస్తకాలన్నీ అదే టాంగాలో ఇంటికొచ్చాయి. తడిగుడ్డ వేసి పేరు కాగితాలు ఊడదీసి, అవతలి అట్ట మీద అతికించాడు. ఒక్కో పుస్తకం చివర తెరిచి, ఆనందరావు చూపించిన చోట బొటనవేలు ఆనించి, ఆ తర్వాతే మూసేవాడు. వకీలు చదివిన ప్రతిని మాత్రం అట్లాగే ఉంచి గూట్లో పెట్టుకున్నాడు. దొంగను ముందే పట్టానని ఆండాలు వాడకట్టంతా చెప్పుకుంది.

తర్వాత రాజ్యం మారింది. తెలుగు పుస్తకాలు మోపులుగా రాసాగాయి. ఏది వచ్చినా బుచ్చయ్య ముందు వెనక వైపు నుంచే తెరిచేవాడు.

"ఏమయ్యా, ఇంక ఉల్టనే తెరుస్తవా?" అని ఆండాలు వెక్కిరించేది.

"ఉల్ట కాదే. మనసొంటి పనోళ్ల పేర్లు ఉంటే గింటే గాడ్నే ఉంటయ్."

చాలా పుస్తకాల్లో అక్కడ ఏ పేరూ ఉండేది కాదు. అయినా ఒకసారి చూసి, మూసి, అప్పుడు సూదిలో దారం ఎక్కించేవాడు.