పై ఆకుల సిద్ధాంతం

మా మామయ్యకి ఉన్న చాదస్తం ఒకే ఒక్కటి. తన బాతులకి కూరగాయల పై ఆకులూ తొక్కలూ తప్ప లోపలి భాగం పెట్టడు. క్యాబేజీలో పై ఆకులు, బఠానీలో తొక్క, ముల్లంగిలో ఆకు. అంతే. ఎందుకలా అని అడిగితే కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, “లోపలిది వాటికి పడదు” అంటాడు. ఆ గంభీరత చూస్తే, ఈ విషయం మీద ఎక్కడో పెద్ద పరిశోధన జరిగిందనీ, అందులో కొన్ని అమాయకపు బాతులు బలయ్యాయనీ అనిపిస్తుంది.

మామయ్య పళ్ల డాక్టరు. జీవితమంతా మనుషుల నోళ్లు చూసి చూసి విసిగి, రిటైరయ్యాక నోట్లో ఒక్క పన్ను కూడా లేని జీవుల్ని పెంచడం మొదలుపెట్టాడు. పెరటినిండా బాతులు, వాటి మధ్య జోడీగా పెద్దబాతులు. ఆ జోడీలో పొడుగు మెడది అందర్నీ అదిలిస్తూ తిరుగుతుంది. దాని పేరు సూపరింటెండెంటు. పళ్లు లేవు కనక సన్నగా తరిగి పెట్టాలనీ, పక్కన ఇసక కూడా పెట్టాలనీ, కడుపులో మేత నూరేది ఆ ఇసకేననీ, అవే వాటికి కట్టుడు పళ్లనీ వచ్చినవాళ్లందరికీ బోధించేవాడు. నీళ్ల తొట్టి దగ్గర లేకపోతే మేత పెట్టనట్టే లెక్క. ఎవరైనా ముద్దుకొద్దీ రొట్టెముక్క విసిరితే, పిప్పిపళ్ల పిల్లాడికి చాక్లెట్టు ఇస్తూ దొరికిపోయిన తల్లిని చూసినట్టు చూసేవాడు.

ఉద్యోగం కోసం నేను వాళ్లింట్లో ఉంటున్న రోజుల్లో, ఒక వేసవి ముందుగానే దిగబడింది. పెరట్లో పచ్చగడ్డి పాత డోర్‌మ్యాట్‌లా తయారైంది. సూపరింటెండెంటు రోజూ పొద్దున్నే దాని నడుమ నిలబడి, ఫిర్యాదు తీసుకునే నాథుడు లేడన్నట్టు అరిచేది. మామయ్య చెయ్యగలిగిందంతా చేశాడు. గింజలు నానబెట్టాడు. ఎండుగడ్డి కత్తిరించి నీళ్లు చిలకరించాడు. ఒకప్పుడు పళ్లు పీకే పనిముట్లు పెట్టుకున్న స్టీలు ట్రేలన్నిట్లో గోధుమలు మొలకెత్తించాడు. క్లినిక్ గదిలో, రోగిని పడుకోబెట్టే కుర్చీ మీద కూడా పచ్చగా మొలకలు లేచాయి. అత్తయ్య తొంగిచూసి, ఇన్నాళ్లకి ఆ కుర్చీలో ఎవరికీ నొప్పి లేకుండా ఏదో జరుగుతోందని మెచ్చుకుంది.

కానీ మొలకలు ఏ మూలకీ చాల్లేదు. అవి ఫలహారం, భోజనం కాదు.

ఆ వేసవిలో ఎండిపోయింది గడ్డి ఒక్కటే కాదు. ఎదురింటి మేడమీద గదిలో వయొలిన్ మాస్టారు ఒంటరిగా ఉండేవారు. సెలవులొచ్చి శిష్యులంతా ఊళ్లకి వెళ్లిపోయారు. మాస్టారి గదిలో స్టవ్వు వెలుగుతున్న జాడ లేదు. ఆయన చొక్కా మాత్రం రోజురోజుకీ పెద్దదవుతోంది. ఇది వీధంతటికీ తెలుసు, ఏం చెయ్యాలో మాత్రం ఎవరికీ తెలీదు. ఒకరింట్లో మంచినీళ్లు తాగాల్సొచ్చినా ముడుచుకుపోయే మనిషి ఆయన. అత్తయ్య ఒకసారి మూతపెట్టిన గిన్నె పంపింది. మూత తియ్యకుండానే ఎంతో మర్యాదగా వెనక్కొచ్చింది గిన్నె. ఇంకెవరైనా ఇలా చేస్తే గది ఖాళీ చేసి వెళ్లిపోతానని ఇంటివాళ్లతో అన్నారట.

“ఎదురుగా మనిషి ఎండిపోతుంటే మీకు బాతుల మేత గోల” అంది అత్తయ్య.

“మేత సంగతి తేలితే కదా మిగతావి ఆలోచించేది” అన్నాడు మామయ్య.

ఆ పూట అత్తయ్య ఆయనకి కాఫీ ఇవ్వలేదు.

మర్నాడు మామయ్య క్యాబేజీలు, ముల్లంగి కట్టలు, సంచీడు బఠానీ కొనుక్కొచ్చి ఎదురింటి మేడెక్కాడు. ఆఫీసుకి బయల్దేరినవాణ్ణి నన్ను ఆపి మరీ వెంటబెట్టుకెళ్లాడు. లోపలికి వెళ్లగానే, పంటి నొప్పివాడి పక్కకి చేరినట్టు స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

“మాస్టారూ, మీరు నాకో ఉపకారం చెయ్యాలి.”

మాస్టారు సంచుల వంక అనుమానంగా చూశారు. “ఇవేమిటి డాక్టరుగారూ?”

“బాతుల మేత. పై ఆకులు చిరక్కుండా తియ్యాలి. నా వేళ్లకి పీకడం తప్ప ఒలవడం రాదు. మీవి తీగల మీద నడిచే వేళ్లు.”

“మరి లోపలిది?”

“వాటికి పడదు.”

“క్యాబేజీయేగా, లోపలిది పడకపోవడమేమిటి?”

“ఉబ్బరం. మా సూపరింటెండెంటయితే దాన్ని చూస్తేనే మేత మానేస్తుంది. దయచేసి మా గుమ్మంలోకి కూడా రానివ్వకండి. పారెయ్యండి, లేదంటే మీరే ఏదో చేసుకోండి.”

మాస్టారికి తిండి పారెయ్యడమంటే అపస్వరం విన్నంత బాధ. నిజమేనా అన్నట్టు నా మొహంలోకి చూశారు. నేను ఆ సిద్ధాంతాన్ని వింటూనే మనసా వాచా నమ్మేశాను కాబట్టి అక్కడ ఆయనకి ఏమీ దొరకలేదు. సరే, పెట్టి వెళ్లమన్నారు.

అప్పట్నించి వేసవంతా అదే తంతు. సాయంత్రానికి మేడ మీంచి బుట్ట దిగేది. అందులో ఆకులు ఒకదానిమీదొకటి, ఇస్త్రీ చేసిన బట్టల్లా ఉండేవి. మామయ్య వాటిని కత్తెరతో సన్నగా కత్తిరించి నీళ్లలో వేసేవాడు. తర్వాత బియ్యం కూడా మేడెక్కాయి: నూకలు ఏరి బాతులకి పంపాలి, నిండు గింజలు వాటికి పడవు. కాలీఫ్లవర్ దొరికిన రోజున సిద్ధాంతం మరీ కఠినమైంది. పువ్వు వాసన కూడా తగలకూడదన్నాడు. వీధి వీధంతా నవ్వుకుంది. కూరలవాడు, ఆ లోపలిదేదో తనకి తిరిగిస్తే మళ్లీ అమ్ముకుంటానన్నాడు. మామయ్య అతనికీ కళ్లజోడు తుడిచి వినిపించాడు.

“గింజలు తినే పక్షికి బఠానీ గింజ పడదా?” అంది అత్తయ్య ఉండబట్టలేక.

“తొక్కకి అలవాటుపడ్డ కడుపు” అన్నాడు మామయ్య.

కొన్నాళ్లకి ఎదురింటి మేడ మీంచి పోపు వాసన రాసాగింది. ఆ తర్వాత వయొలిన్ కూడా వినిపించింది. మాస్టారికి ఎలాగో మంచి రోజులొచ్చాయని సంతోషించి ఊరుకున్నాం.

ఒకరోజు మామయ్యా అత్తయ్యా కంటి పరీక్షకి వెళ్తూ బాతుల్ని నాకు అప్పగించారు. మేడెక్కాల్సిన కూరల సంచి పెరటి అరుగు మీద పెట్టి నీళ్ల తొట్టి కడుగుతున్నాను. వెనక కరకరమని చప్పుడు. తిరిగి చూస్తే, సూపరింటెండెంటు సంచిలోంచి క్యాబేజీ లాగి, పై ఆకులు దాటి, నిషిద్ధ ప్రాంతంలోకి తలదాకా దిగిపోయింది. లాక్కోబోతే చేతిమీద పొడిచింది. ఇక చేసేది లేక, ఉబ్బడం మొదలుపెడితే పశువుల డాక్టరు దగ్గరికి మోసుకెళ్దామని దాని పక్కనే కూర్చున్నాను.

ఉబ్బలేదు. మేత మానేసే ఉద్దేశమూ కనిపించలేదు. క్యాబేజీ అయిపోయాక ఇంకోటి లేదా అన్నట్టు సంచిలో తల పెట్టింది. నాకు కుతూహలం పుట్టింది. బఠానీ గింజలు తొట్టిలో వేశాను. బాతులు మునిగి మరీ ఏరుకున్నాయి. ముల్లంగి తురిమి పెట్టాను. తురిమేదాకా కూడా ఆగలేకపోయాయి. మధ్యాహ్నానికల్లా ఒక మహా సిద్ధాంతం నా కళ్లముందు తొక్కతో సహా నమిలి మింగబడింది.

మామయ్య రాగానే జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన నా వైపు చూడలేదు. ముందు ఎదురింటి కిటికీ వైపు చూశాడు.

“మాస్టారు చూశారా?”

“లేదు.”

“అయితే నువ్వూ చూడలేదు.”

అత్తయ్య నాకంటే చురుకు. ఒక్క క్షణం ఆయన వంక చూసి, లోపలికెళ్లి, అడక్కుండానే కాఫీ తెచ్చి చేతికిచ్చింది. నాకు మాత్రం ఆ కాఫీ చూశాకే విషయం వెలిగింది.

“నాతోనైనా ముందే ఓ మాట అనుండచ్చుగా మామయ్యా” అన్నాను.

“చెబితే నీ మొహం పట్టిచ్చేసేది. నమ్మిన మొహం ఒకటి పక్కన కావాలనేరా నిన్ను తీసుకెళ్లింది.”

వానలొచ్చాయి. గడ్డి మొలిచింది, శిష్యులూ తిరిగొచ్చారు. ఓ సాయంత్రం మాస్టారు ఇంత లావు క్యాబేజీ పట్టుకుని మా పెరట్లోకి వచ్చారు. చొక్కా పాతదే, ఇప్పుడు సరిపోతోంది. అరుగు మీద కూర్చుని పై ఆకులు ఒక్కొక్కటే ఒలిచి సూపరింటెండెంటుకి తినిపించారు. మిగిలిన క్యాబేజీని మామయ్య చేతుల్లో పెట్టి, నవ్వనైనా నవ్వకుండా అన్నారు:

“లోపలిది వాటికి పడదు కదా డాక్టరుగారూ. మీరే ఏదో చేసుకోండి.”

మామయ్య కళ్లజోడు తీసి తుడిచాడు. ఈసారి తుడవడం కాస్త ఎక్కువసేపు పట్టింది. ఈలోగా సూపరింటెండెంటు అంత పొడుగు మెడా చాచి క్యాబేజీ మీదికి ఎగబడింది.

“నీకు పడదే తల్లీ” అంటూ మామయ్య దాన్ని మోకాలితో ఒకవైపు నుంచి నెట్టాడు. రెండోవైపు నుంచి మాస్టారు నెట్టారు.