పద్మావతమ్మ తోడు పెరుగు

భవానీపురంలో మా వీధిలో ఎవరింట్లో బిడ్డ పుట్టినా ముందు కబురు పద్మావతమ్మకే. నీళ్ళు పోయాలన్నా, పొట్ట ఉబ్బితే ఆముదం రాయాలన్నా ఆవిడ రావాల్సిందే. చేతివాసి అలాంటిది మరి! గుక్కపట్టి ఏడ్చే బిడ్డయినా ఆవిడ పొట్ట నిమిరితే రెండు నిమిషాల్లో ఊరుకునేది. ఆ సంగతి ఆవిడే నలుగురికీ చెప్పుకునేది కూడా. చెప్పుకోదూ మరి!

అంతకు మించిన గొప్ప పెరుగు దగ్గర. కాపురానికి వస్తూ అవనిగడ్డ పుట్టింటి నుంచి చిన్న గిన్నెలో తెచ్చుకున్న తోడు నలభై ఏళ్ళుగా ఒక్కరోజు తప్పకుండా నడుస్తోంది. కోడల్నీ ఆ ఇంటి నుంచే తెచ్చుకుంది, తమ్ముడి కూతురు ఉషశ్రీని. "మేనరికం వద్దమ్మా" అని కొడుకు జయకృష్ణ గొణిగాడు. ఆవిడ రెండు రోజులు అన్నం మానేసి కూర్చుంది. ఇంకేముంది, పెళ్ళయిపోయింది.

మనవడికి రెండో నెల నుంచే నెత్తురు విరేచనాలు, జ్వరం. ఐదో నెల వచ్చినా నాలుగు కిలోలు లేడు. పద్మావతమ్మ ఆముదం రాసింది, వాము నీళ్ళు పట్టింది, దిష్టి తీసింది. ఏదీ పనిచేయలేదు. చివరికి ఎవరూ చూడకుండా తోడు పెరుగు వేలికొసతో వాడి నాలుకకు రాసింది. మనింటి పెరుగు మనింటి బిడ్డకు పడకపోతుందా అనుకుంది పిచ్చి తల్లి. వారం తిరక్కుండా వాణ్ణి ఆసుపత్రిలో చేర్చారు.

జన్యుపరీక్ష రిపోర్టు వచ్చిన రోజు డాక్టర్ జ్ఞానేశ్వరి ముగ్గుర్నీ కూర్చోబెట్టింది.

"మొదటి నెలల్లోనే పిల్లల పేగుల్లో కోట్ల సూక్ష్మజీవులు చేరతాయండీ. చాలావరకు మంచివే. ఏవి నిలుస్తాయి, ఒళ్ళు వాటిని ఎలా ఓర్చుకుంటుంది అన్నది కొంత పాలను బట్టి, కొంత అమ్మానాన్నల జన్యువులను బట్టి ఉంటుంది. బాబుకి ఆ ఓర్చుకునే జన్యువు అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ లోపంతోనే వచ్చింది. అందుకే మంచి వాటితో కూడా వాడి ఒళ్ళు పోట్లాడుతోంది. మీది దగ్గర సంబంధమాండీ?"

"మేనరికమేనండీ," అన్నాడు జయకృష్ణ.

"నేనే చేశానమ్మా ఈ పెళ్ళి," అంది పద్మావతమ్మ. "పెరుగు కూడా నేనే నాకించాను."

"పెరుగు వల్ల వచ్చింది కాదండీ. ఇక మాత్రం పెట్టకండి. ఇద్దరిలోనూ ఈ లోపం దాగి ఉందని ఎవరికి తెలుసు? ఎముక మూలుగ మార్చాలి. సరిపోయే దాత దొరికేదాకా బాబు తట్టుకోవాలి."

"నాది తీసుకోండమ్మా, మొత్తం తీసుకోండి!"

"మీ వయసుకి కుదరదండీ," అంది డాక్టరు మెల్లగా.

బయటికొచ్చాక కొడుకు మందుల చీటీ పట్టుకుని కిందికి వెళ్ళిపోయాడు. ఒక్క తిట్టు తిట్టినా బాగుండునని ఆవిడ ప్రాణం కొట్టుకుపోయింది. వార్డులో బిడ్డ ఏడుస్తున్నాడు.

"అత్తా, కాస్త పొట్ట నిమురు. నీ చేతికైతే ఊరుకుంటాడు," అంది ఉషశ్రీ.

పద్మావతమ్మ చేతులు మూడుసార్లు సబ్బుతో కడుక్కుని వచ్చింది. ఆ చిట్టి పొట్ట మీద అరచెయ్యి ఆనించి, ఊళ్ళో పిల్లలందరికీ నిమిరినట్టే నిమిరింది. రెండు నిమిషాలయ్యాయి. పదయ్యాయి. వాడు ఏడుస్తూనే ఉన్నాడు.

"ఇంకొంచెంసేపు, అత్తా," అంది ఉషశ్రీ.

ఆవిడ నిమురుతూనే ఉంది. వాడు ఊరుకోలేదు.