ఖాళీ అనుకున్న సిలిండరు

ఓబులమ్మది రాయచోటి దగ్గర ఒక పల్లె. సౌదీలోని తాయిఫ్‌కు రాకముందు కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేసింది. అరబ్బీ అక్కడే వచ్చింది. మాట్లాడటం తక్కువ, అర్థం కావడం ఎక్కువ. తాయిఫ్‌లో ఆమె కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమానికి, ఊరి బయట కొండవాలులో గులాబీ తోట, తోటలోనే ఇల్లు. ఇంటాయనను బాబా అని, ఇంటావిడను మామా అని పిలవడం అక్కడి పనివాళ్ల అలవాటు. ఇద్దరూ తనకన్నా చిన్నవాళ్లే అయినా ఓబులమ్మ కూడా అలాగే పిలిచేది.

మామాకు ఎండుమిరప ఘాటు పడదు. అందుకని ఓబులమ్మ తన వంట ఇంటి వెనక రేకుల వసారాలో, ఒంటి పొయ్యి మీద చేసుకునేది. సంగటి కెలికి, ఊరుబిండి పచ్చడి నూరి, తోటలో పనిచేసే ఖాసింకు కూడా పెట్టేది. అతనిది కదిరి. డ్రైవర్‌గా వచ్చాడు గానీ, పూలకాలంలో గులాబీ నీళ్లు దించే పని కూడా అతనిదే.

పొద్దున్నే కోసిన పూలను పెద్ద రాగి బానల్లో వేసి, నీళ్లు పోసి, మూత బిగించి కింద గ్యాసు మంట పెడతారు. ఆవిరి గొట్టం వెంట నీళ్ల తొట్టిలోంచి పోతూ చల్లబడి, సీసాలోకి చుక్కలు చుక్కలుగా దిగుతుంది. అంతా ఆరుబయటే. పెద్ద బర్నర్లు, కొండగాలి. సిలిండర్లు ఎన్ని తెచ్చినా చాలేవి కావు. మంట పడిపోగానే ఖాసిం ఆ సిలిండరు విప్పి, "ఫాదీ" అని గోడ దగ్గర పెట్టేవాడు. ఫాదీ అంటే ఖాళీ. గ్యాసు బండివాడు వచ్చి వాటిని తీసుకుని నిండువి ఇచ్చి పోయేవాడు.

ఆ ఏడు చలి తొందరగా వదల్లేదు. పూలు మాత్రం విరగబూశాయి. ఆ హడావిడిలో ఓబులమ్మ పొయ్యికి గ్యాసు అయిపోయింది. మామాను అడిగితే "బుక్రా" అంది. రేపు చూద్దామని. ఆ రేపు రాలేదు. ఓబులమ్మ గోడ దగ్గరికి వెళ్లి ఒక ఖాళీ సిలిండరును దొర్లించుకొచ్చింది. అడుగున ఏమైనా మిగిలితే టీ అయినా కాగుతుందని ఆశ. చల్లగా తగిలిందని మధ్యాహ్నం దాకా దాన్ని ఎండలో ఉంచి తర్వాత బిగించింది. పొయ్యి భగ్గున అంటుకుంది. మర్నాడూ మండింది, ఆ తర్వాతా మండింది. ఖాసిం రోజూ వచ్చి తిని వెళ్లాడు. గ్యాసు ఎక్కడిదని అడగలేదు.

ఇంతలో గ్యాసు ఇట్లా ఎందుకు అయిపోతున్నదని బాబాకు అనుమానం వచ్చింది. ఎవరో అమ్ముకుంటున్నారని ఇంట్లో అన్నాడు. అదే రోజు మామా వసారాలోకి వచ్చి మంట చూసింది.

"నీకు నేను గ్యాసు తెప్పించలేదే. ఎక్కడిది?"

"ఫాదీ, మామా. గోడ దగ్గరిది."

"ఖాళీది మండుతుందా?"

మామా వెళ్లి బాబాకు చెప్పింది. బాబా ఖాసింను పిలిచి నువ్విచ్చావా అని అడిగాడు. లేదు, తనకేమీ తెలియదన్నాడు. అది నిజమే. పూలకాలం కాగానే ఓబులమ్మను ఇంటికి పంపించేద్దామని మామా తేల్చేసింది. పొయ్యి తీసి గదిలో పెట్టి తాళం వేసింది.

ఆ సాయంత్రం కొళాయి దగ్గర ఖాసిం ఆమెను అడిగాడు.

"నిండుదే ఎత్తుకొచ్చినావా అక్కా? నిజం సెప్పు, నేనెవురికీ అనను."

"నువ్వు పారేసిందే నాయనా. ఒంటినిండా తెల్లగా మంచు పట్టి ఉండె. ఎండలో పెడితే మండింది. నాకు తెలిసింది అంతే."

అతను నమ్మలేదు. అయినా మర్నాడు మంట పడిపోయిన సిలిండరును ఎండలో పెట్టి, మధ్యాహ్నం మళ్లీ బిగించాడు. కొత్తదానిలాగే మండింది. ఖాసిం దాన్ని ఆపేసి, మంచు పట్టిన ఇంకో సిలిండరును చేత్తో తడిమి చూశాడు. పెద్ద మంటకు గ్యాసు వేగంగా లాగితే సిలిండరు గడ్డకట్టినట్టు చల్లబడుతుంది, అప్పుడు లోపల ఉన్నది గ్యాసై పైకి రాదు. ఆ సంగతి అతనికి అప్పుడే తెలిసింది. ఇన్నేళ్లూ తను ఫాదీ అని ఎంత గ్యాసు వెనక్కి పంపాడో కూడా.

"నిజమే అక్కా" అన్నాడు వచ్చి.

"బాబాకు సెప్పినావా?"

"సెప్తా. పూలపని అయిపోనీ. ఇప్పుడు సెప్తే నా తమ్మునికి ఇస్తానన్న వీసా మాట పక్కన పెడతాడు."

"అంతలోపల నేను యాడుంటా?"

ఖాసిం తోటలోకి వెళ్లిపోయాడు. ఓబులమ్మ గిన్నెలు తోముకుంటూ ఉండిపోయింది.

ఊరినుంచి భర్త చెంచయ్య ఫోన్ చేసి, వచ్చేయమన్నాడు. మేకలున్నాయి, ఎట్లో బతుకుదాం అన్నాడు.

"వచ్చేదానికేమి, వస్తా" అంది ఓబులమ్మ. "దొంగ అనిపించుకొని రాను."

శుక్రవారం బాబా, మామా బానల దగ్గరికి వచ్చారు. ఓబులమ్మ టీ తెచ్చింది. పళ్లెం దించి, గోడ దగ్గర ఎండలో ఉన్న ఒక సిలిండరు మీద చెయ్యి వేసి నిలబడింది. ఖాసిం వైపు చూసింది.

ఖాసిం లేచాడు. "బాబా, అది ఖాళీ కాదు" అన్నాడు.

మిగతాదంతా అతనే చెప్పాడు. బాబా ఆ సిలిండరు బిగించమన్నాడు. మంట లేచింది. బాబా ముందు నమ్మలేదు, తర్వాత గట్టిగా అరిచాడు. ఎంత గ్యాసు పోయిందో చెప్పమన్నాడు. ఖాసిం తల వంచుకుని నిలబడ్డాడు. అరిచి అరిచి బాబా మధ్యలోనే ఆగిపోయాడు. ఖాసింకు ఆ పని నేర్పింది ఆయనే. మంట పడిపోతే ఫాదీ అని చెప్పిందీ ఆయనే.

అప్పటినుంచి తొట్టిలోంచి వచ్చే గోరువెచ్చని నీళ్లను ఒక టబ్బులోకి పట్టి, సిలిండర్లను అందులో నిలబెట్టసాగారు. బర్నర్ల చుట్టూ రేకులు కట్టారు. గ్యాసు బండి రావడం తగ్గింది. మామా తాళం తీసి పొయ్యి తనే వసారాలో పెట్టించింది. కొత్త సిలిండరు కూడా పంపింది. ఇంటికి పంపే మాట మానేసింది గానీ, దొంగ అనుకున్నందుకు ఓబులమ్మను మన్నించమని అడగలేదు.

పూలకాలం అయ్యాక ఓబులమ్మే కఫీల్ మారతానని అడిగింది. బాబా అడ్డు చెప్పలేదు. వెళ్లే రోజు బస్సు దగ్గర దించింది ఖాసిమే.

"నా మీద కోపమా అక్కా?"

"కోపం ల్యా. సెప్పినావు గదా. సెప్పకుండా ఉన్న దినాలు మాత్రం నాకు గ్యాపకం ఉండాయి."

ఇప్పుడామె రియాద్‌లో, మలాజ్ అనే పేటలో ఒక ముసలావిడకు తోడుగా ఉంటోంది. ఖాసిం తమ్ముడికి వీసా వచ్చింది, అన్నతోపాటు అదే తోటలో పనిచేస్తున్నాడు. ఖాసిం అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. ఓబులమ్మ తీస్తుంది. ఊళ్లో వానలు పడ్డాయా అని మాట్లాడుకుంటారు.