ఇనుము తగలని గడ్డం

ఇందులో ప్రతి అక్షరమూ నిజం. మీసం మీద ఒట్టు వేద్దామంటే నాకు మీసం లేదు. అందుకని పాతికేళ్లుగా రోజూ నా గొంతు మీద నడుస్తున్న బ్లేడు మీద ఒట్టు వేసి చెబుతున్నాను. అంతకన్నా పెద్ద ఒట్టు నాకు తెలీదు. ఇవాళ పొద్దున మా అమ్మాయి ఒక చేత్తో ముక్కు మూసుకుని, ఇంకో చేత్తో బాత్‌రూంలోంచి ఒక చిన్న గిన్నె పట్టుకొచ్చింది. అందులో కొబ్బరినూనెలో మునిగి ఉన్న బ్లేడు, దాని అంచున ఆవగింజంత తుప్పు. "నాన్నా, రస్టీ ఆల్రెడీ లా! దీంతో ఎవరైనా షేవ్ చేస్తారా?" అంది, ఇక్కడి సింగపూర్ పిల్లల యాసలో. చెత్తబుట్ట మూత ఎత్తిన పిల్ల చేతిలోంచి గిన్నె లాక్కున్నాను. ఆ తర్వాత వన్-నార్త్‌లో ఆఫీసుకి వెళ్లే రైల్లో నిలబడ్డంతసేపూ నా కళ్ల ముందు మా బావమరిది మొహమే ఉంది. అదీ, గడ్డంతో ఉన్న మొహం.

ముందు బ్లేడు సంగతి చెప్పాలి. ఇది ఇప్పుడు దొరికే స్టెయిన్‌లెస్ సరుకు కాదు, కార్బన్ స్టీలు. జురాంగ్ వెస్ట్‌లో మా బ్లాకు కింద ఒక తమిళ పెద్దాయన చిల్లర కొట్టు నడిపేవాడు. అలాంటి కొట్టుని ఇక్కడ మామా షాపు అంటారు. ఆయన కొట్టు మూసేసే రోజుల్లో పైఅరలోంచి దిగిన పాత సరుకులో ఒక అట్టపెట్టె నిండా ఈ బ్లేడ్లు బయటపడ్డాయి, ఒక్కొక్కటీ మైనం కాగితంలో చుట్టి. "ఎవరూ అడగరు, నువ్వు తీసుకుపో తంబీ" అన్నాడు. స్టెయిన్‌లెస్ బ్లేడు వెంట్రుకని బతిమాలుతుంది, ఇది ఆజ్ఞాపిస్తుంది. కానీ మహా అలక. సింగపూర్ గాలిలో సగం నీళ్లే కదా, గీసుకున్నాక కడిగి, బట్టతో రుద్దకుండా అద్ది, నూనెలో వెయ్యకపోతే ఎర్రబడిపోతుంది. ఒకసారి తడిగా వదిలేసి కిందికి కాఫీకి వెళ్లొచ్చేసరికి బ్లేడు లేదు, ఆ చోట చెంచాడు ఎర్రమన్ను ఉంది. నవ్వకండి, ఒట్టు వేశాను.

మా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, శ్రీకాకుళం వైపు నుంచి వర్క్ పర్మిట్ మీద వచ్చి ఇక్కడ షిప్‌యార్డులో పనిచేసేవాడు. మొదట్లో ఓడ పైభాగంలో ఆరుబయట పని. ఆరేడేళ్ల కిందట వాణ్ని ఓడ కడుపులో ఉండే ట్యాంకుల్లో రంగులు వేసే పనికి మార్చారు. అక్కడికి దిగాలంటే మూతికి బిగుతుగా మాస్కు కావాలి, మాస్కు బిగుతుగా ఉందని పరీక్షలో తేలాలి. మాస్కు తొడిగి, తలమీద సంచిలాంటి ముసుగు కప్పి, లోపలికి చేదు మందు తుంపరలు కొడతారు. నాలుకకి చేదు తగిలితే మాస్కు పక్కనుంచి గాలి దూరుతున్నట్టే. మావాడికి గడ్డం ఛాతీదాకా ఉంది. మొదటిసారి ముసుగు వేసిన క్షణంలోనే చేదు తగిలి దగ్గాడట. సూపర్‌వైజరు ఇంకొక్క అవకాశం ఇచ్చి, ఈసారి తప్పితే పర్మిట్ పొడిగించేది లేదు, ఊరికి పోవడమేనని చెప్పేశాడు.

గడ్డం గీసుకుంటే సరిపోయేదానికి ఇంత కథ ఏమిటని మీరు అడుగుతారు. భార్య కడుపుతో ఉంటే భర్త క్షవరం చేయించుకోకూడదని వాళ్లింట్లో పట్టింపు. మా ఇళ్లలోనూ ఉంది కానీ, మేం చూసీ చూడనట్టు ఊరుకుంటాం. మావాడు అలా ఊరుకోలేడు. అంతకుముందు రెండుసార్లు వాడి భార్యకి కడుపు నిలవలేదు. రెండోసారి, ఎవరిదో పెళ్లికని వీడు నున్నగా గీయించుకుని ఫోటో దిగిన వారంలోనే పోయింది. రెంటికీ సంబంధం లేదని డాక్టరమ్మ చెప్పింది, నేనూ చెప్పాను. వాడు బుద్ధిగా తలూపాడు. తలైతే ఊపాడు గానీ, మూడోసారి నెల తప్పిందని తెలిసిన రోజు నుంచి గడ్డం జోలికి పోలేదు.

సరిగ్గా రెండో పరీక్ష రోజు పొద్దున్నే అక్కడ ఊళ్లో వాడి భార్యకి, ఆ పిల్లకి, నొప్పులు మొదలయ్యాయని ఫోనొచ్చింది. పరీక్ష మధ్యాహ్నం. మావాడు నేరుగా మా ఇంటికొచ్చి, వంటింటి వెనక బట్టలారేసే చోట, వెలుతురున్న దగ్గర, కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "బావా, ఈలోగా గుంట పుట్టేస్తే గీసెయ్యి. పుట్టకపోతే నాను ఊరెళిపోతాను, అంతే" అన్నాడు. వాళ్ల వైపు పిల్లని గుంట అంటారు, అక్కని అప్ప అంటారు. వాళ్ల అప్ప, అంటే మా ఆవిడ, కత్తెర నాకు అందకుండా గుప్పిట్లో పట్టుకుని గుమ్మంలో నిలబడింది, నేను తొందరపడతానేమోనని.

ఏమేం చెయ్యొచ్చు, ఏం చెయ్యకూడదు అని ఆసుపత్రి వరండాలో ఉన్న మా అత్తగారిని ఫోన్లోనే అడిగాం. "అల్లుడు గోరూ, సబ్బు రాస్తే రాయండి. ఏణ్ణీళ్లు పొయ్యండి. ఇనుము మాత్రం తగల్నీకండి" అని తీర్పు చెప్పింది.

"స్టెయిన్‌లెస్ అయితే ఇనుము కాదు కదా అత్తయ్యగారూ" అన్నాను, అదేదో నా దగ్గర ఉన్నట్టు.

"నాకేటి సెప్తన్నారు బాబూ? మా ఇంట్లో స్టీలు గరిటెలు నేవేటి? అవీ ఇనుమే" అంది.

"ఏవండీ, మీ లాయరు తెలివి ఇక్కడ కాదు" అని మా ఆవిడ కత్తెర ఇంకాస్త బిగించింది.

వేడినీళ్ల తువ్వాలు చుట్టాను. నురగ పట్టించాను. రేజరు విప్పి కొత్త బ్లేడు బిగించి, నీళ్లలో ముంచి సిద్ధంగా పట్టుకున్నాను. ఫోను మోగలేదు. నురగ ఆరి గడ్డం మీద అట్టలు కట్టింది. బ్లేడు తడిసింది కాబట్టి మళ్లీ విప్పి, అద్ది, నూనెలో వేశాను. మళ్లీ నురగ. ఫోను మోగింది! గబగబా బ్లేడు ఎక్కించి ముంచాను. తీరా చూస్తే లోను కావాలా సార్ అని ఎవడో. మావాడు ఆ నురగలోంచే వాణ్ని తిట్టిన తిట్లు రాస్తే ఈ కాగితం తుప్పు పడుతుంది. మళ్లీ విప్పడం, అద్దడం, నూనె. కింద రోడ్డు మీద వాడెక్కాల్సిన బస్సు వచ్చి ఆగినట్టూ, పోయినట్టూ చప్పుడు. ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

"బావా, ఆలీసం అవుతోందంటే ఏటన్నట్టు? అప్పుడు కూడా ఇలగే ఎవులూ ఫోన్ సెయ్యలేదు" అన్నాడు మెల్లిగా. అప్పుడు అంటే ఎప్పుడో నాకు అర్థమైంది. కుర్చీ చేతుల మీద వాడి వేళ్లు తెల్లబడిపోయాయి. మామూలుగా ఏ సందర్భానికైనా ఒక కోత సిద్ధంగా ఉండే నేను ఆ రోజు మళ్లీ నురగ కలపడం మొదలుపెట్టాను.

రెండో బస్సు వెళ్లాక ఫోను మోగింది. మా అత్తగారు. "పుట్టింది! ఆడగుంట! తల్లీ పిల్లా బాగున్నారు!" మా ఆవిడ కత్తెర పడేసి తమ్ముడి తల పట్టుకుంది, ఆవిడ చీరంతా నురగ. నేను రేజరు ఎత్తాను. "ఆగండి బాబూ" అంది ఫోనులో అత్తగారు. "పుట్టీసింది కదా, ఇప్పుడు పురుడొచ్చింది. పురుడు ఎళ్లేదాకా ఆడు గీసుకోకూడదు."

మూడు నిమిషాల కిందటిదాకా బిడ్డ పుట్టలేదని వద్దన్న బ్లేడు ఇప్పుడు పుట్టిందని వద్దు. నేను అరిచాను, మా ఆవిడ అరిచింది. వాళ్లమ్మ మాత్రం "మా అత్త నాకు సెప్పిందే నాను సెప్తన్నాను" అని ఒకే మాట. మావాడు లేచి తువ్వాలుతో మొహం తుడుచుకోబోయాడు. "వద్దునే బావా. ఇంతకాలం ఆగి, ఇయ్యాల తప్పు సేస్తానా? ఆ గుంటకేటైనా అయితే?" అప్పుడు మా ఆవిడ ఫోనులో తల్లిని గదమాయించింది. "నువ్వు కాదమ్మా, దానికియ్యి ఫోను. కన్నది అది."

కాసేపటికి నీరసంగా ఆ పిల్ల గొంతు వినిపించింది. "అన్నయ్యగారూ, గీసెయ్యండి. కళ్లు తెరిసిన గుంటకి వీడియోలో జీడితోట ఎలుగుబంటిని సూపిస్తే జడుసుకోదేటి?" మా అత్తగారు అటు నవ్విందో, దగ్గిందో తెలీదు, ఇంక అడ్డం చెప్పలేదు. మావాడు మెడ వెనక్కి వాల్చాడు. ముందు కత్తెర, తర్వాత బ్లేడు. అన్ని నెలల ముతక వెంట్రుక మీద ఆ కార్బన్ అంచు పాత గోనె చించినట్టు చరచరమంటూ దిగింది. గొంతు కింద, నరం కొట్టుకునే చోట, నా చెయ్యి ఒక్కసారి ఆగింది. వాడు కళ్లు తెరవకుండానే "కానియ్ బావా" అన్నాడు. టాక్సీలో తోసి పంపించాం. సాయంత్రం ఫోన్ చేసి, "సేదు తగల్లేదు బావా" అన్నాడు. అంతే అనగలిగాడు, మిగతాది ఏడుపు.

ఒట్టు వేసినవాణ్ని కాబట్టి ఒక్కటి ఒప్పుకుని ముగిస్తాను. ఆ ఎలుగుబంటి మాట నేను కల్పించింది. ఆ పిల్ల ఏమీ అనలేదు. అక్కడ ఫోను ఆమె చెవి దగ్గర పెట్టారు, అంతే. అలిసిపోయిన ఊపిరి ఒకటి వచ్చి పోతూ వినిపించింది, దాని పక్కన ఇంకో బుల్లి ఊపిరి. మావాడు చాలాసేపు విన్నాడు, విని మెడ వాల్చాడు. ఇంతమందికి ఇన్నిసార్లు చెప్పేటప్పుడు ఆ నిశ్శబ్దాన్ని ఎలా చెప్పాలో తెలియక అక్కడ ఎలుగుబంటిని కూర్చోబెట్టాను. మొన్న వీడియోలో ఆ పిల్లే, బడికి వెళ్లనని మారాం చేస్తున్న కూతురితో, ఆ రోజు తనే అలా అన్నానని నవ్వుతూ చెబుతోంది. నేను కాదనలేదు. ఏళ్లు గడిచేకొద్దీ మనం మాట్లాడని చోట్లలోకి మాటలు వాటంతట అవే వచ్చి కాపురం పెడతాయి, ఎవరు తెచ్చారని ఇంక ఎవరూ అడగరు.